పైలట్ లైసెన్స్ వచ్చింది, మరి ఇప్పుడు? రెంట్, క్లబ్, వాటా, సొంత విమానం: ఎవరికి ఏది

చెక్‌రైడ్ (లైసెన్స్ కోసం పెట్టే చివరి పరీక్ష) పాసైన రోజు ఎగ్జామినర్ చేతిలో పెట్టే ఆ టెంపరరీ సర్టిఫికెట్ కాగితం పట్టుకుని, పార్కింగ్‌లో కార్లో కూచుని ఇంటికి ఫోన్ చేస్తాం చూడండి, దానికోసం ఏడాది ఏడాదిన్నర వీకెండ్లన్నీ ధారపోసి ఉంటాం. తర్వాతి శనివారం పొద్దున లేస్తే క్యాలెండర్ ఖాళీ. లెసన్ లేదు, ఇన్‌స్ట్రక్టర్ మెసేజ్ లేదు, ఇవాళ రావట్లేదా అని అడిగేవాళ్ళూ లేరు. ప్రైవేట్ పైలట్లు చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

డాలస్ దగ్గర మేం తెలుగువాళ్ళం నలుగురం దాదాపు ఒకేసారి లైసెన్స్ తెచ్చుకున్నాం. రెండేళ్ళు తిరిగేసరికి ఆపకుండా ఎగురుతున్నది ఒక్కడే. నేను పద్నాలుగు నెలలు ఎయిర్‌పోర్ట్ వైపే వెళ్ళలేదు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టి ఇప్పటికి మూడేళ్ళవుతోంది. ఆ గ్యాప్‌లో అర్థమైంది ఏంటంటే, లైసెన్స్ వచ్చాక ఎలా ఎగురుతాం అన్నది ట్రైనింగ్ అయిపోకముందే తేల్చుకోవాల్సిన విషయం. ఇది అమెరికాలో ఎఫ్ఏఏ (ఇక్కడి విమానయాన శాఖ) లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసం, ముఖ్యంగా ఉద్యోగం, పిల్లలు, వీసా అన్నీ ఒకేసారి మోస్తున్న మనలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఏడాదికి నిజంగా ఎన్ని గంటలు? ఆశపడే గంటలు కాదు, వీలయ్యే గంటలు. నెలకి రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా గంటన్నర అనుకున్నా ఏడాదికి 36 గంటలు. టెక్సస్‌లో ఎండలు, ఉరుములు, గాలి, పిల్లల బర్త్‌డేలు, ఆఫీసులో రిలీజులు అన్నీ తీసేస్తే పాతిక మిగుల్తాయి. మొదటి ఏడాది నేను 60 గంటలు అనుకుని 11 ఎగిరా.

రెండు ఫ్లైట్ల మధ్య గ్యాప్ ఎంత? నా దృష్టిలో ఏడాది మొత్తం గంటల కంటే ఇదే ముఖ్యం. రూల్ చూస్తే చాలా ఉదారంగా ఉంటుంది. సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ లేదు, 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ చేయించుకోవాలి, అందులో కనీసం గంట గ్రౌండ్, గంట ఫ్లైట్ ఉండాలి. ఎవర్నైనా ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసుండాలి, రాత్రిపూటకైతే ఆ మూడూ రాత్రివేళ ఫుల్ స్టాప్ ల్యాండింగ్‌లే అయ్యుండాలి. అంటే ఏడాదిన్నర విమానం ముట్టుకోనివాడు కూడా మెడికల్ (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్) ఉంటే చాలు, ఒంటరిగా ఎగరడానికి చట్టం అడ్డు చెప్పదు. చట్టం ఒప్పుకుంటుంది, చెయ్యి ఒప్పుకోదు. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్ళకి ఆరువారాలు దాటితే క్రాస్‌విండ్ ల్యాండింగ్ (పక్కగాలిలో దిగడం) చేతిలోంచి జారిపోవడం నేను చాలామందిలో చూశా, నాలోనూ చూసుకున్నా.

మీ వీసా ఏంటి? చాలామంది చివర్లో తెలుసుకునేది, మొదట్లోనే తెలుసుకోవాల్సింది ఇది. అమెరికాలో విమానాన్ని మన పేరు మీద రిజిస్టర్ చేయాలంటే సిటిజన్ అయినా అయ్యుండాలి, గ్రీన్‌కార్డ్ అయినా ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు నేరుగా ఓనర్ కాలేరు, నలుగురు కలిసి కొనేటప్పుడు అందులో ఒక పేరుగా కూడా చేరలేరు. ట్రస్ట్ ద్వారా దారి ఉంది గానీ దాని ఖర్చూ కాగితాలూ వేరే. పైగా ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు, ఆ టైంలో విమానం అమ్మే పని కూడా నెత్తిన పెట్టుకోవడం ఎవరికీ వద్దు.

పక్క సీట్లో ఎవరు? భార్యో భర్తో ఒక్కసారి భయపడితే ఆ ఇంట్లో ఫ్లయింగ్ మెల్లగా ఆగిపోతుంది. వాళ్ళకి నచ్చేలా, ఎండాకాలం పొద్దున్నే, గాలి లేనప్పుడు, అరగంటతో మొదలుపెట్టండి. జులై మధ్యాహ్నం మూడింటికి తీసుకెళ్తే ఆ కుదుపులకి రెండోసారి ఎక్కమన్నా ఎక్కరు.

## లెక్క ఇదీ

కింద వేసింది నాలుగు సీట్ల సెస్నా 172 లాంటి మామూలు విమానానికి, మా వైపు రేట్లు చూసి గుండ్రంగా వేసుకున్న అంకెలు. రెంట్ పెట్రోల్‌తో కలిపి గంటకి 180 డాలర్లు. క్లబ్ అయితే నెలకి 100, గంటకి 140. సొంతమైతే హ్యాంగర్, ఇన్సూరెన్స్, ఏటా చేయించే ఆన్యువల్ ఇన్‌స్పెక్షన్ కలిపి ఎగిరినా ఎగరకపోయినా ఏడాదికి 11,000, ఆపైన పెట్రోల్, ఆయిల్, రిపేర్లు, ఇంజన్ ఫండ్ కలిపి గంటకి 100. నలుగురి వాటా అంటే ఆ 11,000లో నాలుగోవంతు. విమానం కొన్న ధర ఇందులో లేదు. మీ ఊరి రేట్లు వేసుకుని మళ్ళీ లెక్క చేసుకోండి, పది నిమిషాల పని.

| ఏడాదికి | 20 గంటలు | 50 గంటలు | 100 గంటలు |
|---|---|---|---|
| రెంట్ | 3,600 | 9,000 | 18,000 |
| క్లబ్ | 4,000 | 8,200 | 15,200 |
| నాలుగో వాటా | 4,750 | 7,750 | 12,750 |
| ఒక్కరే ఓనర్ | 13,000 | 16,000 | 21,000 |

30 గంటల దగ్గర క్లబ్, రెంట్ సమానమవుతాయి. 40 దగ్గర నుంచి వాటా క్లబ్ కంటే చవకవుతుంది. ఒక్కరే కొనుక్కుంటే రెంట్ కంటే లాభం రావడానికి ఏడాదికి 137 గంటల పైన ఎగరాలి, ఉద్యోగం చేసుకుంటూ అన్ని గంటలు ఎగిరేవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

ఒక చిన్న మెలిక ఉంది. రెంట్ ఎక్కువచోట్ల హాబ్స్ మీటర్ మీద వేస్తారు, ఇంజన్ స్టార్ట్ అయిన దగ్గర్నించి అది తిరుగుతూనే ఉంటుంది, ట్యాక్సీవే మీద లైన్లో నిలబడ్డా డబ్బులే. చాలా క్లబ్‌లు టాక్ మీటర్ మీద వేస్తాయి, ఇంజన్ నెమ్మదిగా తిరిగితే అదీ నెమ్మదిగా తిరుగుతుంది. కాబట్టి రెండు రేట్లు పక్కపక్కన పెట్టి చూసేముందు ఏ మీటరో అడగండి.

## రెంట్

లైసెన్స్ వచ్చిన స్కూల్లోనే, తెల్సిన విమానమే, మొదటి మూణ్ణెల్లకి ఇంతకంటే తేలిక లేదు. వాడినంతే కడతాం, ఉద్యోగం మారి ఊరు మారితే వదిలేసి వెళ్ళిపోవచ్చు. హెచ్1బీ వాళ్ళకి ఏ చిక్కూ లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, స్కూల్‌కి మనం రెండో వరస. వాళ్ళ బతుకుదెరువు స్టూడెంట్లు, శని ఆదివారాలు పొద్దున స్లాట్లన్నీ వాళ్ళవే. నేను ఆగిపోయింది కూడా ఇలాగే. మూడు వారాలు ముందు బుక్ చేసుకున్న విమానం 100 గంటల ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళిందని ముందురోజు రాత్రి మెసేజ్, తర్వాతి వారం వాతావరణం బాలేదు, ఆ తర్వాతది చెక్‌రైడ్ ఉందని ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. ఈలోగా స్కూల్ పెట్టుకున్న 60 రోజుల రూల్ దాటిపోయా, ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌తో చెకౌట్ (ఒకసారి ఎగిరి చూపించడం) చేస్తేగానీ తాళం ఇవ్వరు. ఆ చెకౌట్ రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అని పద్నాలుగు నెలలు గడిచాయి. ఎవర్నీ తప్పుపట్టట్లేదు, ఆ ఏర్పాటు స్వభావమే అంత.

ఊళ్ళు తిరుగుదామనుకుంటే ఇంకో అడ్డంకి. రాత్రి బయట ఉంచితే రోజుకి ఇన్ని గంటలు తప్పనిసరి అని మినిమం వేస్తారు. ఫ్రెడరిక్స్‌బర్గ్ లాంటి చోటుకి, అక్కడ ఎయిర్‌పోర్ట్‌లోనే హ్యాంగర్ ఆకారంలో హోటల్, పక్కనే డైనర్ ఉంటాయి, కుటుంబంతో రెండ్రోజులు వెళ్దామంటే ఎగరని గంటలకి కూడా కట్టాల్సిరావచ్చు.

రెంట్‌లోనే ఉంటానంటే రెండు పనులు చేయండి. ఒకటి, రెండు చోట్ల చెకౌట్ పెట్టుకోండి, ఒకచోట విమానం పడుకుంటే ఇంకోచోట దొరుకుతుంది. రెండు, రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోండి. స్కూల్ ఇన్సూరెన్స్ కాపాడేది స్కూల్‌ని, మనల్ని కాపాడుతుందని రాసిచ్చే దాకా నమ్మొద్దు.

## ఫ్లయింగ్ క్లబ్

నేను మళ్ళీ మొదలుపెట్టింది ఇక్కడ, అందుకే దీనిమీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా.

క్లబ్‌లు రెండు రకాలు. ఒకటి విమానంలో కొంత భాగం మనదయ్యేది, చేరేటప్పుడు పెద్ద మొత్తం కట్టాలి, వెళ్ళిపోయేటప్పుడు అమ్ముకోవచ్చు. రెండోది కేవలం సభ్యత్వం, చేరేటప్పుడు కొంత ఫీజు, నెలకి చందా. హెచ్1బీ వాళ్ళు రెండోదే వెతుక్కోవాలి, మొదటిదైతే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఎలా ఉందో అడిగాకే సంతకం.

ధర కంటే నన్ను నిలబెట్టింది మనుషులు. నెలకో శనివారం క్లబ్ వాళ్ళం విమానాలు కడుగుతాం, ఆయిల్ మారుస్తాం, ఎవరో ఒకరు పక్క ఊరికి బ్రేక్‌ఫాస్ట్‌కి పోదామంటారు, ఇద్దరు కలిసి వెళ్తే అటు ఒకరు ఇటు ఒకరు నడుపుతారు, ఖర్చు సగం. ఆరువారాలు కనబడకపోతే డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఫోన్ చేసి ఏమయ్యావ్ అంటాడు. ఆ ఫోన్‌కాల్ ఏ స్కూల్లోనూ దొరకదు.

మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు సెప్టెంబర్లో ఒకరోజు పొద్దున ఏడింటికి క్లబ్ విమానంలోనే ఎక్కించుకుని ఉత్తరంగా టెక్సోమా లేక్ దాకా వెళ్ళాం. హెడ్‌సెట్ పెట్టుకుని టేకాఫ్‌లో ఒక్కమాట మాట్లాడలేదు, చీరకొంగు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని కూచుంది. లేక్ కనబడేసరికి కిటికీకి మొహం ఆనించి, "ఒరే నాన్నా, ఇది మన పాలేరు కంటే పెద్దదేంట్రా?" అంది. చాలా పెద్దదమ్మా అన్నా. "ఐతే ఇంకో చుట్టు తిప్పరా" అంది. ఆ రోజుకోసమే ఆ చందా అంతా కట్టానేమో అనిపించింది.

క్లబ్‌లో చూడాల్సింది: ఒక విమానానికి ఎంతమంది సభ్యులు, పదిహేను దాటితే వీకెండ్లు కష్టం. బుకింగ్ క్యాలెండర్ గత మూణ్ణెల్లది చూపించమనండి, చూపించడానికి నసిగితే ఇంకోచోట చూసుకోండి. ఇంజన్ మార్చడానికి ఫండ్ దాచారా లేదా కూడా అడగాలి. ఈ విమానాల ఇంజన్లకి తయారీదారు సూచించే ఓవర్‌హాల్ గడువు సాధారణంగా 2,000 గంటల దగ్గర ఉంటుంది, అది దగ్గరపడ్డాక ఫండ్ లేకపోతే ఒక్కో సభ్యుడి మీద వేలల్లో పడుతుంది.

## వాటా

గ్రీన్‌కార్డ్ వచ్చి, ఊరు మారే ఆలోచన లేక, ఏడాదికి 40 నుంచి 80 గంటలు ఎగిరేవాళ్ళకి డబ్బు లెక్కలో ఇదే ముందుంటుంది. క్లబ్ కంటే తక్కువమంది, కాబట్టి కావాల్సినప్పుడు దొరుకుతుంది, మూడ్రోజులు తీసుకెళ్ళినా ఎవరూ మినిమం వేయరు.

కాకపోతే ఇది ఉమ్మడి కుటుంబం లాంటిది. ఎవరు ఎప్పుడు వాడాలి, రేడియోలు మార్చాలా వద్దా, ఒకరు గుద్దితే డిడక్టబుల్ ఎవరిది, ఒకరు వెళ్ళిపోతే వాటా ముందు మిగతావాళ్ళకి ఇవ్వాలా, ఇవన్నీ కొనకముందే కాగితం మీద రాసుకోవాలి. ఫ్రెండ్సే కదా అని నోటిమాటతో పోయినవాళ్ళు విమానంతోపాటు స్నేహం కూడా పోగొట్టుకోవడం చూశా. తక్కువ గంటలున్న పైలట్ ఒకరు చేరితే అందరి ఇన్సూరెన్స్ పెరగొచ్చు, ఆ తేడా ఎవరు కట్టాలో కూడా రాసుకోండి. కొనేముందు, అంతకుముందు ఆ విమానాన్ని ఎప్పుడూ చూడని మెకానిక్‌తో చెక్ చేయించండి.

## సొంత విమానం

డబ్బు కోసం ఎవరూ కొనరు. ఐదు నిమిషాల ముందు అనుకుని బయల్దేరడం, మన హెడ్‌సెట్ మన సీట్లోనే వదిలేసి రావడం, ఇది కావాలనిపించి, ఏడాదికి 11,000 ఎగరకపోయినా పోయాయిలే అనుకోగలిగితే కొనుక్కోండి. ముందు హ్యాంగర్ దొరుకుతుందో లేదో చూడండి, డాలస్ చుట్టుపక్కల వెయిటింగ్ లిస్టులు పెద్దవి, టెక్సస్‌లో వడగళ్ళ వానకి బయట కట్టేసిన విమానం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. విమానం ఎక్కువ రోజులు కదలకుండా ఉంటే ఇంజన్ లోపల తుప్పు పడుతుంది, అంటే బిజీగా ఉండి ఎగరని ఓనర్‌కి ఖర్చు రెండువైపుల నుంచీ వస్తుంది.

## ఇంకో రేటింగ్ చేయడం

ఆ ఖాళీ క్యాలెండర్‌కి మందు ఇదే అనేవాళ్ళు చాలామంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) మొదలుపెడితే మళ్ళీ ప్రతి వారం లెసన్, మళ్ళీ ఒక గమ్యం. పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మనదిగా) 50 గంటల క్రాస్ కంట్రీ (దూరం ఊళ్ళకి ఎగరడం), 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైం, అందులో కనీసం 15 ఇన్‌స్ట్రక్టర్‌తో. మేఘాల్లోంచి వెళ్ళగలిగితే క్యాన్సిల్ అయ్యే ట్రిప్పులు తగ్గుతాయి, రేడియోలో తడబాటు పోతుంది, చేతిలో కచ్చితత్వం వస్తుంది.

ఐతే ఇది నిలబెట్టుకోవడం లైసెన్స్ నిలబెట్టుకోవడం కంటే కష్టం. గడిచిన ఆరు నెలల్లో పరికరాలు చూసి 6 అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగి రావడం), హోల్డింగ్ (ఒకచోటే చుట్లు తిరగడం), ట్రాకింగ్ (గీసిన దారి పట్టుకు వెళ్ళడం) చేసుండాలి, లేకపోతే ఆ రేటింగ్ వాడకూడదు. ఏడాదికి 20 గంటలు ఎగిరేవాళ్ళకి నేనైతే వద్దంటా, సగం వచ్చిన విద్యతో మేఘంలోకి వెళ్ళడం అసలు రాకపోవడం కంటే ప్రమాదం. సిటిజన్లు కానివాళ్ళు ప్రైవేట్‌కి తీసుకున్నట్టే దీనికీ టీఎస్ఏ అనుమతి ఉండాలి, ఆ టైం కూడా కలుపుకోండి. మామూలు ఫ్లైట్ రివ్యూకి అది అక్కర్లేదు.

## మెడికల్ దగ్గర ఆగిపోయినవాళ్ళకి

థర్డ్ క్లాస్ మెడికల్ 40 లోపు 60 నెలలు, 40 దాటాక 24 నెలలు. బీపీ, షుగర్ మొదలయ్యాక చాలామంది ఇక అయిపోయిందనుకుంటారు, తొందరపడొద్దు. 2017 నుంచి బేసిక్‌మెడ్ ఉంది, మామూలు డాక్టర్ దగ్గర 48 నెలలకోసారి చెకప్, 24 నెలలకోసారి ఆన్‌లైన్ కోర్స్, గతంలో ఒక్కసారైనా, 2006 జులై తర్వాత, ఎఫ్ఏఏ మెడికల్ తీసుకుని ఉండాలి. 2025 అక్టోబర్ నుంచి స్పోర్ట్ పైలట్ రూల్ కూడా విశాలమైంది, డ్రైవింగ్ లైసెన్స్‌తో, పగటిపూట, ఒక్క ప్యాసింజర్‌తో, ఇదివరకు కుదరని నాలుగు సీట్ల విమానాలు చాలావరకు నడపొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఎఫ్ఏఏ మెడికల్‌కి అప్లై చేసి రిజెక్ట్ అయితే ఈ డ్రైవింగ్ లైసెన్స్ దారి మూసుకుపోతుంది. అనుమానం ఉంటే అప్లై చేయకముందే ఏవియేషన్ డాక్టర్‌తో విడిగా మాట్లాడండి.

## ఎవరికి ఏది అంటే

హెచ్1బీ, ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు, వీకెండ్లు మన చేతిలో లేవు: రెండుచోట్ల రెంట్, నెలకి ఒక్కసారైనా మంగళవారమో బుధవారమో సాయంత్రం గంట. పెద్ద ట్రిప్పులు కలలో పెట్టుకోండి, ఇప్పటికి ల్యాండింగ్‌లు చేతిలో ఉంచుకోవడమే పని. ఫ్రెండ్స్‌ని తీసుకెళ్తే పెట్రోల్, రెంట్‌లో వాళ్ళ వాటా తీసుకోవచ్చు, మన వాటా మనం కట్టాల్సిందే, ఒక్క డాలర్ ఎక్కువ తీసుకున్నా రూల్ తప్పినట్టే.

ఒంటరిగా ఉండే కుర్రాళ్ళు, అమ్మాయిలు, సాయంత్రాలు ఖాళీ: క్లబ్, దాంతోపాటు ఇన్‌స్ట్రుమెంట్. ఈ వయసులో వచ్చిన గంటలు మళ్ళీ రావు.

గ్రీన్‌కార్డ్ వచ్చింది, పిల్లలు కాలేజీకెళ్ళారు, ఇల్లు సర్దుకుంది: వాటా. ముందు ఒక ఏడాది ఏదైనా క్లబ్‌లో ఉండండి, మంచి పార్ట్‌నర్లు దొరికేది అక్కడే. సివిల్ ఎయిర్ పాట్రోల్ కూడా చూడండి, ఎయిర్‌ఫోర్స్‌కి తోడుగా పనిచేసే వాలంటీర్లది, 1941 నుంచి ఉన్న సంస్థ, సిటిజన్లనీ గ్రీన్‌కార్డ్ వాళ్ళనీ తీసుకుంటారు.

రెండేళ్ళలో ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళు: ఏమీ కొనొద్దు. ఇక్కడిలా శనివారం పొద్దున అనుకుని ఎగరడం అక్కడ కుదరదు, మామూలుగా ప్లాన్ ఫైల్ చేసి ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు తీసుకోవాలి, స్కూళ్ళ విమానాలు చాలావరకు 200 గంటల కమర్షియల్ లైసెన్స్ కోసం వచ్చిన పిల్లలతో నిండి ఉంటాయి. వెళ్ళేముందు లాగ్‌బుక్ ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి. అమెరికా అడ్రస్ లేకుండా పోతే ఎఫ్ఏఏకి కొత్త అడ్రస్ ఇవ్వాలి, ఇక్కడ ఒక ఏజెంట్‌ని కూడా చూపించాలి, 2025 నుంచి ఆ రూల్ ఉంది.

## ఆపాలనుకుంటే ఆపండి, కానీ ఇలా

పాప పుట్టింది, అప్పు ఉంది, మనసు లేదు, ఏ కారణమైనా సరే, ఆపడం తప్పేం కాదు. నెలలు నెలలు ఎగరకుండా ఉండి ఒకరోజు హఠాత్తుగా చుట్టాలని ఎక్కించుకోవడం తప్పు. ఆపేటప్పుడు చివరి ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌తో చేయండి, అప్పటికి నాకేం బాగా వచ్చు, ఏం రాదు అని అరపేజీ రాసి లాగ్‌బుక్‌లో పెట్టుకోండి. మళ్ళీ వచ్చేరోజున ఆ కాగితమే మొదటి లెసన్ ప్లాన్. నేను అలా రాసుకోలేదు.

పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతూ ఉన్నా, స్పీడ్ 65 నాట్లు, అంతా బానే ఉందనుకున్నా. రన్‌వే దగ్గరికొచ్చేసరికి చెయ్యి యోక్‌ని (విమానం స్టీరింగ్) తొందరపడి లాగేసింది, విమానం నేలకి పది అడుగుల పైన తేలి, స్పీడ్ పడిపోతోంది, స్టాల్ హారన్ (స్పీడ్ మరీ తగ్గిందనే హెచ్చరిక) సన్నగా మొదలైంది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ ముట్టుకోలేదు, "గో అరౌండ్" (దిగకుండా మళ్ళీ పైకి లేపు) అన్నాడంతే, అరవలేదు కూడా. పవర్ పూర్తిగా, కుడి రడర్, ఫ్లాప్స్ ఒక్కో మెట్టు. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చాం. ఆరోసారికి చక్రాలు కీచుమనకుండా ఆనాయి. మొత్తం మూడు రోజులు, ఐదు గంటలు పట్టింది, తర్వాత రివ్యూ సంతకం పెట్టి పుస్తకం నా ఒళ్ళో పెట్టి, దిగకముందే అడిగాడు, వచ్చే శనివారం ఎన్నింటికి అని.